నైస్, ముగ్ధ, మూఢుడు: ఒక మాట నడిచిన దారి

(గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు, చాలా సంతోషం.

సభల్లో వక్తలు "గౌరవనీయులైన సభికులకు" అని మొదలుపెడతారు. నేనూ అలాగే అంటాను. కానీ ఆ మాట గురించి ఒక సంగతి చెప్పి మరీ అంటాను. సంస్కృతంలో సభికుడంటే ఎవరో తెలుసా? జూదశాల నడిపేవాడు. మృచ్ఛకటికం నాటకం రెండో అంకంలో పది సువర్ణాలు బాకీపడి పారిపోయిన జూదరిని వెతుక్కుంటూ మాథురుడు వస్తాడు చూడండి, అదిగో, ఆయన సభికుడు. మరి నేను మిమ్మల్ని సభికులన్నందుకు మీలో ఒక్కరికైనా కోపం వచ్చిందా? రాలేదు. రాకూడదు కూడా. ఎందుకు రాకూడదన్నదే ఈ పూట నేను చెప్పబోయేది. అయితే ఆ సంగతిని ఒక ఇంగ్లీషు మాట పట్టుకుని చెబుతాను. బళ్లో పిల్లల దగ్గర్నుంచి ఇంట్లో బామ్మలదాకా అందరి నోటా ఉన్న మాట. నైస్.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఇంగ్లీషు మాస్టారు మా కాంపోజిషన్ నోట్సుల్లో ఈ మాట కనబడితే ఎర్రసిరాతో కొట్టేసేవారు. మా ఊరు నైస్, మా చెరువు నైస్, మా స్నేహితుడు నైస్ కుర్రాడు, ఇలా రాసుకుంటూ పోయేవాళ్లం. ఆయన ఒక్కోటీ కొట్టేసి మార్జిన్లో "ఎలా?" అని రాసేవారు. ఒకటే ప్రశ్న. చెరువు నైస్ అంటే ఎలా? లోతుగా ఉందా, తేటగా ఉందా, గట్టు మీద చింతచెట్లున్నాయా, తామరలున్నాయా? ఆ ప్రశ్నకు జవాబు రాయాలంటే సాయంత్రం చెరువుకి వెళ్లి చూసి రావాల్సి వచ్చేది. నిజంగా వెళ్లి చూసేవాళ్లం. తర్వాత నేనే ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. ఆ కొట్టివేతలే నన్ను ఈ మాట వెంట నడిపించాయి.

ఎక్కడ పుట్టిందండీ ఇది? లాటిన్‌లో. అక్కడ దీని రూపం "నెస్కియుస్". "నె" అంటే కాదు, లేదు. మన సంస్కృతంలో "న" ఉంది కదా, దానికి చుట్టమే. "స్కీరే" అంటే తెలియడం. రెండూ కలిపితే ఏమవుతుంది? తెలియనివాడు. ఏమీ తెలియనివాడు. అజ్ఞాని. మీరు పొద్దున్నే కాఫీ తాగి "నైస్" అంటారే, దాని పుట్టుక ఇది.

ఆ "స్కీరే"కి ఇంకో బిడ్డ ఉంది, మీ అందరికీ తెలిసిన బిడ్డ. సైన్స్. తెలియడం సైన్స్, తెలియకపోవడం నైస్. కాన్షెన్స్, అంటే అంతరాత్మ, అదీ ఈ ఇంటిదే. ఒక్క వేరుకి పూచిన పువ్వులు ఎంత దూరదూరంగా పడ్డాయో చూడండి.

ఇంకాస్త లోతుకి వెళ్దామా? ఈ "స్కీరే" మూలంలో కోయడం, చీల్చడం అన్న భావం ఉందని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీసి చూడగలగడమే తెలియడం అన్నమాట. మన ఛేదించడం, ఛేదనం, విచ్ఛిన్నం, ఇవన్నీ ఆ కుదురులోంచే వచ్చాయంటారు. లాటిన్‌వాడికి జ్ఞానమంటే కోత. మరి తెలుగువాడికి? తెలుపు, తెల్ల, తేట, తెల్లవారడం, తెలియడం, తెలివి. ఇవన్నీ ఒక్క కుదురు మాటలు. వెనకటికి బురదనీళ్ల బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు. కాసేపటికి మడ్డి అడుగుకి దిగి నీళ్లు తేటపడేవి. లోపల ఏముందో కనిపించేది. మన భాషలో తెలియడమంటే అది. తేటపడడం. ఈ మాట నేను ఎన్ని సభల్లో చెప్పినా ప్రతిసారీ నాకు కొత్తగానే ఉంటుంది. ఒకే పనిని ఒక జాతి కత్తితో చూసింది, ఒక జాతి నీళ్లతో చూసింది.

సరే, నైస్ దగ్గరికి వద్దాం. లాటిన్ కాలక్రమంలో ఫ్రెంచి అయింది. నెస్కియుస్ అక్కడ నలిగి, అరిగి, చిన్నదైపోయింది. చేతకానివాడు, అమాయకుడు, తెలివితక్కువవాడు, ఈ అర్థాలతో ఉంది. 1066లో ఫ్రాన్సునుంచి నార్మన్లు ఇంగ్లండు మీదికి వచ్చి గెలిచారు. దాంతో దర్బారు భాష ఫ్రెంచి అయిపోయింది. మనకి నిజాం కాలంలో, అంతకుముందు నవాబుల కాలంలో దర్ఖాస్తు, జమీను, వకీలు, హాజరు వచ్చినట్టే, అక్కడ వేలకొద్దీ ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులోకి దిగాయి. వాటితోపాటు ఇదీ దిగింది. సుమారు 1300 నాటికి ఇంగ్లీషు రాతల్లో కనబడుతోంది. ఎవరినైనా నైస్ అంటే వెర్రివాడా అన్నట్టే.

ఇక్కడ ఒక కవిని తలుచుకోవాలి. జెఫ్రీ చాసర్. 1400లో పోయాడు. ఇంగ్లీషు కవిత్వానికి ఆయన ఆదికవి లాంటివాడు. ఆయన నోట్లో ఈ మాట "నైస్" అని కాదు, "నీస్" లాగే పలికేది. 1380ల్లో ఆయన ట్రాయిలస్, క్రిసైడ్ల ప్రేమకథ రాశాడు. అందులో రెండో భాగం మొదట్లో పాఠకులతో ఒక మాటంటాడు. వెయ్యేళ్లలో మాట తీరు మారిపోతుంది, మీకు తెలుసుగదా, ఒకప్పుడు విలువున్న మాటలు ఇప్పుడు మనకి వింతగా, వెర్రిగా తోస్తాయి, అయినా వాళ్లు అలాగే మాట్లాడుకున్నారు, మన ప్రేమికుల్లాగే వాళ్లూ ప్రేమలో గెలిచారు అంటాడు. ఆ "వెర్రిగా" అన్నచోట ఆయన వాడిన మాట ఏమిటనుకున్నారు? నైస్! మాటలు మారిపోతాయని చెప్పడానికి ఆయన ఏ మాటను వాడాడో, ఆ మాటే ఆయన పోయాక మారిపోయింది. ఇవాళ ఒక ఇంగ్లీషు కుర్రాడు ఆ పద్యం చదివితే, పాత మాటలు మనకి బాగుంటాయని చాసర్ అన్నాడనుకుంటాడు. ఆ నాలుగు పాదాలు మొదటిసారి అర్థమైన రోజున నేను పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

మరి వెర్రి అన్న అర్థం నుంచి బాగుంది అన్న అర్థానికి ఎలా వచ్చింది? ఎవరైనా కూర్చుని తీర్మానం చేశారా? లేదు. మెట్టు మెట్టుగా జరిగింది. మొదట తెలివితక్కువ. తర్వాత ఒళ్లు తెలియని విలాసం. ఆ తర్వాత ప్రతిదానికీ వంక పెట్టే సుకుమారం, పరుపు కింద గింజ ఉన్నా నిద్రపట్టదనే రకం. సుకుమారం నుంచి సున్నితం. సున్నితం నుంచి సూక్ష్మం, ఖచ్చితం. ఖచ్చితంగా చేసిన వస్తువు చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి ముచ్చట. చివరికి బాగుంది. 1700ల రెండో సగానికి బాగుంది అన్న అర్థం వచ్చేసింది. అయితే నేను ఇలా మెట్లు కట్టి చెప్పినంత శుభ్రంగా అది జరగలేదు. ఆక్స్‌ఫర్డు నిఘంటువు కూర్చినవాళ్లు, ఒక్కో మాటకి వందల ఉదాహరణలు పోగేసినవాళ్లు, ఈ మాట దగ్గర చేతులెత్తేశారు. ఇంత ఎడమైన అర్థాలు ఏ వరసలో వచ్చాయో స్పష్టంగా లేదు, పదహారు పదిహేడు శతాబ్దాల రచయితలు చాలాచోట్ల ఏ అర్థంలో వాడారో చెప్పడం కష్టం అని రాసుకున్నారు. ఎన్నో అర్థాలు ఒకే కాలంలో, ఒకే వీధిలో తిరిగాయన్నమాట.

మీలో కొంతమంది ముఖాలు చూస్తున్నాను. ఎక్కడో వెర్రి, ఎక్కడో ముచ్చట, ఇది నమ్మేలా లేదు అనుకుంటున్నారు. అయితే మన ఇంట్లోంచే ఒక మాట తీస్తాను.

ముగ్ధ.

ముగ్ధ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? తలవంచుకుని, ఓరకంట చూసే పడుచుపిల్ల. ముగ్ధమనోహరం అంటాం. ఆ పాట విని ముగ్ధులమయ్యాం అంటాం. అంతా అందమే కదా? సంస్కృతంలో "ముహ్" అని ధాతువుంది. మతిపోవడం, అయోమయంలో పడడం దాని అర్థం. మోహం దాన్నుంచే వచ్చింది. ఆ ధాతువుకి భూతకాల రూపం రెండు రకాలుగా వస్తుంది, పాణిని రెంటికీ చోటిచ్చాడు. ఒకటి ముగ్ధ. రెండోది ఏమిటి? ఎవరైనా చెప్పగలరా? ఆ, వెనకనుంచి అమ్మాయి చెప్పింది. మూఢ! మూఢుడు, మూఢనమ్మకం. కవలపిల్లలు. ఒక్క కడుపున పుట్టారు, ఒకే అర్థంతో పుట్టారు. ఒకరు తెలివితక్కువతనంతోనే ఉండిపోయారు. ఇంకొకరు ఏమీ తెలియనితనం, అందులోంచి అమాయకత్వం, అందులోంచి సొగసు, ఇలా నడిచి కావ్యనాయిక అయి కూర్చున్నారు. నైస్ ఎలా నడిచిందని ఇందాక చెప్పానో, ముగ్ధ దాదాపు అదే దారిన నడిచింది. ఎంతో ముందే, ఇంకో దేశంలో.

ఎలా నడుస్తాయో ఇంట్లో రోజూ వింటూనే ఉంటాం. పెళ్లిచూపుల మాటలు గుర్తుతెచ్చుకోండి. "పిల్లకి ఏమీ తెలియదండీ" అంటుంది పిల్ల మేనత్త. అది తిట్టా, మెచ్చుకోలా? మెచ్చుకోలే! అదే మాట అల్లుడి గురించి అనండి. "అతగాడికి ఏమీ తెలియదండీ." అయిపోయింది సంబంధం. మాట అదే, అన్న చోటు మారింది. ఆ చోటుతో పాటు అర్థం రవ్వంత జరిగింది. ఇలా వందేళ్లు జరిగితే? రెండువందల ఏళ్లు జరిగితే?

ఇప్పుడు ఈ జరగడం వల్ల చదువరికి వచ్చే చిక్కు చూపిస్తాను. రోమియో జూలియట్ కథ మీకు తెలుసు. షేక్‌స్పియర్ దాన్ని 1590ల్లో రాశాడు. చివరి అంకంలో ఏమవుతుంది? జూలియట్ నిజంగా చచ్చిపోలేదు, మందు తాగి నిద్రపోతోంది, నువ్వు వచ్చి తీసుకుపో అని సన్యాసి లారెన్స్ ఉత్తరం రాసి పంపిస్తాడు. తీసుకెళ్లినాయన దారిలో ఒక ఇంట్లో చిక్కుకుంటాడు. ఆ ఇంటికి మహమ్మారి సోకిందేమోనని ఊరి కావలివాళ్లు తలుపులు మూసి ముద్ర వేసేస్తారు. మొన్న కరోనాలో మన వీధులకి కర్రలు కట్టినట్టే. ఉత్తరం చేరదు. అది తెలిసి లారెన్స్ గుండెలు బాదుకుంటూ అంటాడు: ఆ ఉత్తరం నైస్ కాదు, ఎంతో ముఖ్యమైన సంగతి ఉంది అందులో, అది చేరకపోతే ఎంత ప్రమాదమో! మా క్లాసులో పిల్లల్ని అడిగేవాణ్ణి, ఉత్తరం నైస్ కాదంటే ఏమర్థం? అందరూ ఒకే మాట చెప్పేవాళ్లు. ఉత్తరం బాగాలేదు సార్, ఏదో చెడ్డ కబురుంది సార్ అని. కాదు. అక్కడ నైస్ అంటే అల్పమైనది, లెక్కలోకి రానిది. ఆ ఉత్తరం ఆషామాషీ ఉత్తరం కాదు అంటున్నాడాయన. ఇదే నాటకంలో ఇంకోచోట, జూలియట్ బంధువు టిబాల్ట్ చచ్చిపోయాక, రోమియో స్నేహితుడు బెన్వోలియో రాజుగారితో చెబుతాడు: ఈ తగవు ఎంత నైసో ఆలోచించమని రోమియో బతిమాలాడండీ అని. కత్తులు దూసుకున్న తగవు, రెండు ప్రాణాలు పోయిన తగవు, నైస్ ఏమిటి? ఎంత చిన్న విషయానికి వచ్చిన తగవో చూడు అని. ఈ అర్థం తెలియకపోతే ఆ చావుల బరువే మనకి అందదు. ఎంత చిన్నదానికి పోయాయా ప్రాణాలు! అందుకే పాత పుస్తకం చదివేటప్పుడు తెలియని మాటకంటే తెలిసిన మాట దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండమని పిల్లలకి చెప్పేవాణ్ణి. తెలియని మాట దగ్గర ఎలాగూ ఆగి నిఘంటువు తీస్తాం. తెలిసిన మాట దగ్గర ఆగం.

1755లో శామ్యూల్ జాన్సన్ అనే పండితుడు పెద్ద ఇంగ్లీషు నిఘంటువు వేశాడు. అందులో నైస్‌కి ఇచ్చిన మొదటి అర్థం వెంట్రుకవాసి తేడా కూడా పట్టగల ఖచ్చితత్వం. ఇవాళ్టికీ చదువుకున్న ఇంగ్లీషువాళ్లు "నైస్ డిస్టింక్షన్" అంటే బాగున్న తేడా అని కాదు, సన్నటి తేడా అని.

తర్వాత అరవై ఏళ్లకి జేన్ ఆస్టిన్ నవల నార్తాంగర్ ఆబీ అచ్చయింది. 1817 చివర్లో, ఆవిడ పోయిన కొద్ది నెలలకి. అందులో కాథరిన్ అనే అమ్మాయి తనకి నచ్చిన నవల గురించి చెబుతూ నైస్ పుస్తకం అంటుంది. పక్కనున్న హెన్రీ టిల్నీ ఆటపట్టిస్తాడు. నైస్ అంటే నీటుగా ఉందనా, అయితే అది బైండింగుని బట్టి ఉంటుంది అంటాడు. ఈ రోజు నైస్, ఈ నడక నైస్, మీరిద్దరూ నైస్, దేనికైనా సరిపోతుంది ఈ మాట అంటాడు. మొదట్లో ఇది నీటుకీ, సున్నితత్వానికీ మాత్రమే వాడేవారేమో అని కూడా అంటాడు. అచ్చం మా మాస్టారే! కానీ ఒక్కటి గమనించారా? మొదట్లో నీటు అనే అర్థమేమో అన్నాడు. అదీ మొదటిది కాదు. దానికి అయిదువందల ఏళ్ల ముందు వెర్రి అనే అర్థం ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే తెలియనితనం ఉంది. ఎవరి "మొదట్లో" వాళ్లది. తన తాతల నాటి అర్థమే అసలు అర్థమని ప్రతి తరమూ అనుకుంటుంది.

ఒకాయన చీటీ పంపారు. "ఫ్రాన్సులో నైస్ అని ఊరుంది, దానికీ దీనికీ సంబంధమా?" లేదండీ. దాన్ని నీస్ అనాలి. గ్రీకులు పెట్టిన నికాయియా అనే పేరు నుంచి వచ్చింది, విజయానికి సంబంధించిన మాట అది. పోలిక పైపైదే.

పైకెక్కే మాటలున్నట్టే కిందికి జారే మాటలూ ఉన్నాయి. ఇంగ్లీషులోనే "సిల్లీ" ఉంది. పాత ఇంగ్లీషులో "సేలిగ్", అంటే ధన్యుడు, దేవుడి దయ ఉన్నవాడు. జర్మనులో "జేలిగ్" అంటే ఇవాళ్టికీ ధన్యుడే. అది ఇంగ్లండులో నిష్కపటి, పాపం జాలిపడదగినవాడు, బలహీనుడు అవుతూ చివరికి వెర్రివెంగళప్ప అయింది. నైస్ ఎక్కిన మెట్లే ఇది దిగింది. మన ఛాందసుడు? ఛందస్సు అంటే వేదం, వేదం తెలిసినవాడు ఛాందసుడు. ఇవాళ ఆ మాట ఎవరినైనా అని చూడండి. తెలియనివాడికి పుట్టిన మాట మెచ్చుకోలైంది, తెలిసినవాడికి పుట్టిన మాట ఎత్తిపొడుపైంది. కంపు ఇంకో ఉదాహరణ. మన పాత కావ్యాల్లో పువ్వులు కంపు కొడతాయి, అంటే పరిమళిస్తాయి. కన్నడంవాళ్లకి ఇప్పటికీ కంపు అంటే సువాసనే. బళ్లారి నుంచి వచ్చిన చుట్టాలు మీ ఇంటి మల్లెలు కంపని అంటే మీరు నొచ్చుకోకండి!

ఇప్పుడు మొదట వేసిన ప్రశ్నకి వస్తాను. ఈ మధ్య ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. మీలోనూ కొందరికి వచ్చే ఉంటుంది. "నైస్ అంటే అసలు అర్థం అజ్ఞాని, కాబట్టి ఎవరినీ నైస్ అనకండి" అని. నేను దీన్ని గట్టిగా కాదంటున్నాను. పుట్టుక వేరు, అర్థం వేరు. అర్థం అంటే మాట్లాడేవాళ్లూ వినేవాళ్లూ ఇవాళ ఒప్పుకున్నది. పుట్టుకే అసలు అర్థమైతే మిమ్మల్ని సభికులని పిలవడానికి వీల్లేదు. ఏ అమ్మాయికీ ముగ్ధ అని పేరు పెట్టడానికి వీల్లేదు. చీర అంటే ఒకప్పుడు ఏ గుడ్డయినా చీరే, కాబట్టి తువ్వాలు కూడా చీరే అనాల్సి వస్తుంది. మనుషుల్ని పుట్టుకతో కొలవకూడదని ఇన్నేళ్లు పోట్లాడాం కదా, మాటల్నీ అలా కొలవొద్దు. పుట్టుక తెలుసుకుందాం, సంబరపడదాం, పాత పుస్తకం చదివేటప్పుడు జ్ఞాపకం ఉంచుకుందాం. అంతవరకే. ఇవాళ మాట్లాడేవాడి నోరు మూయించడానికి దాన్ని వాడకూడదు.

ఇక చివరి సంగతి. ఇది చెప్పాలనే ఇవాళ వచ్చాను.

చిన్నప్పుడు సంక్రాంతి ముందు మా అమ్మతో పిండిమరకి వెళ్లేవాణ్ణి. క్యాను నిండా బియ్యం, మూత మీద గుడ్డ కట్టి. మర ముందు వరస ఉండేది. మా వంతు రాగానే అమ్మ గట్టిగా, ఆ చప్పుడులో వినబడేలా చెప్పేది: "బాబూ, జంతికలకి, నైసుగా పట్టు!" ఆ అబ్బాయి రాళ్ల దగ్గరుండే స్క్రూ తిప్పి బిగించేవాడు. గొట్టం గుడ్డలోంచి పిండి వెచ్చగా రాలేది. అమ్మ చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూసేది. వేళ్లకి పలుకు తగిలితే తల అడ్డంగా ఊపేది. "ఇంకా బరగ్గా ఉంది, ఇంకొంచెం నైసుగా." అతను ఇంకో పావు తిప్పు తిప్పేవాడు. అమ్మ మళ్లీ రుద్దేది. పలుకు తగలకపోతే అప్పుడు బియ్యం మొత్తం పొయ్యమనేది.

మా అమ్మ ఇంగ్లీషు చదువుకోలేదు. కానీ ఆవిడ నోట్లో నైస్ అంటే బాగుంది అని కాదు. సన్నం, మెత్తన, పలుకు లేనిది. జాన్సన్ నిఘంటువులో ఉన్న ఆ సున్నితం, ఆ సూక్ష్మం, ఇంగ్లండులో మామూలు జనం నోటినుంచి జారిపోయిన అర్థానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి! ఇవాళ్టికీ ఏ వంటల వీడియో పెట్టినా వింటారు, అల్లం వెల్లుల్లి నైసుగా నూరుకోండి, మినప్పప్పు నైసుగా రుబ్బుకోండి. అక్కడితో ఆగలేదు. "మీటింగు మధ్యలో నైసుగా జారుకున్నాడు" అంటాం. అక్కడ ఎవరికీ తెలియకుండా అని. "వాళ్ల నాన్నని నైస్ చేసి బండి కొనిపించుకున్నాడు" అంటాం. అక్కడ బుజ్జగించి, మెత్తబరిచి అని. ఇవి ఇంగ్లీషువాడికి తెలియని అర్థాలు. ఇవి మనం వేసినవి. మర దగ్గర, వంటింట్లో, వీధి అరుగు మీద.

అందుకే ద్వారం దగ్గర బల్ల మీద ఒక నోట్సు పుస్తకం పెట్టించాను. వెళ్లేముందు మీ ఇంట్లో నైస్ అన్న మాట ఎలా వాడతారో ఒక్క వాక్యం రాసి వెళ్లండి. మీది ఏ జిల్లానో కూడా రాయండి. గిర్నీ అనేవాళ్లు గిర్నీ అనే రాయండి, మర అనేవాళ్లు మర అని. బామ్మలకి రాయడం కష్టమైతే పిల్లలూ, మీరు పక్కన కూర్చుని అడిగి, వాళ్లు ఎలా అంటే అలా, ఒక్క అక్షరం దిద్దకుండా రాయండి. పెన్ను అక్కడే ఉంది.